లెక్కకెక్కిన చావులు, లెక్కకెక్కని చావులు

1945 సెప్టెంబరు నెలాఖరు. జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు పడి అప్పటికి మూడు వారాలు. మిత్రరాజ్యాల తరఫున ఒక చిన్న బృందం థాయిలాండ్, బర్మా దేశాల మధ్య అడవిలో వేసిన రైలుమార్గం వెంట బయలుదేరింది. యుద్ధఖైదీల సమాధులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి గుర్తించడం వాళ్ళ పని. రెండు వానాకాలాలు గడిచిపోయాయి, వెదురు పొదలు దారుల్ని కమ్మేశాయి, చాలా శిబిరాల గుడిసెలు నేలమట్టమయ్యాయి. అయినా ఆ బృందం 144 శ్మశానాల్లో 10,549 సమాధులను గుర్తించింది. దొరకనివి 52. పదివేలకు పైగా చావుల్లో 52 మాత్రమే ఆచూకీ లేకుండా పోయాయంటే, ఆ ఖైదీలు తమ తోటివారి చావును ఎంత శ్రద్ధగా రాసి దాచుకున్నారో అర్థమవుతుంది. కాగితం దొరికితే శిక్ష పడే చోట వాళ్ళు పేర్లు రాశారు, సీసాల్లో పెట్టి మట్టిలో పాతారు. అదే పట్టాల పక్కన, అదే అడవిలో ఖైదీల కంటే కొన్ని రెట్లు ఎక్కువమంది ఆసియా కూలీలు చనిపోయారు. వారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సమాధుల కోసం ఏ బృందమూ బయలుదేరలేదు. గత భాగంలో సింగపూర్ పతనం దగ్గర ఆగాం. ఈ భాగంలో ఆ రెండు రకాల చావుల మధ్య తేడా ఎక్కడ మొదలైందో, ఎంతకాలం సాగిందో చూద్దాం.

రైలుమార్గం అవసరం జపాన్‌కు సముద్రం వల్ల వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చిలో రంగూన్ దాని చేతికి చిక్కాయి. బర్మాలోని సైన్యానికి సరుకు చేరాలంటే ఓడలు మలయా ద్వీపకల్పాన్ని చుట్టి రావాలి. జూన్‌లో మిడ్వే యుద్ధంలో జపాన్ నౌకాదళం దెబ్బతిన్నాక, జలాంతర్గాముల భయం పెరిగాక ఆ దారి నమ్మకం లేనిదైంది. అందుకని థాయిలాండ్‌లోని నాంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని థన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్ల మీటరు గేజి మార్గం తలపెట్టారు. అంతకు ముందు బ్రిటిష్‌వాళ్ళు కూడా ఈ దారిని పరిశీలించి, కొండలూ జ్వరాలూ చూసి వదిలేశారు. జపాన్ ఇంజనీర్లు రెండు కొసల నుంచీ పని మొదలుపెట్టారు. 1943 చివరికి పూర్తి కావలసిన పనిని ముందుకు జరిపి ఆగస్టుకల్లా ముగించాలన్నారు. యంత్రాల స్థానంలో మనుషుల్ని పెట్టారు. ఖైదీలు ఆ నెలల్ని ‘స్పీడో’ కాలం అని పిలుచుకున్నారు, కాపలావాళ్ళ నోట ఎప్పుడూ ఆ కేకే కాబట్టి. అవి సరిగ్గా వానాకాలపు నెలలు. చివరికి రెండు వైపుల పట్టాలూ అక్టోబరు 17న కొన్‌కొయిటా దగ్గర కలిశాయి.

పనిలో పెట్టిన యుద్ధఖైదీలు సుమారు 61,000 మంది. సగానికి సగం బ్రిటిష్‌వాళ్ళు, తరువాత డచ్చివారు, ఆస్ట్రేలియన్లు, కొన్ని వందల మంది అమెరికన్లు. వీరిలో సుమారు 12,500 మంది చనిపోయారు. తూటా తగిలి చనిపోయినవాళ్ళు తక్కువ. కలరా, రక్త విరేచనాలు, మలేరియా, బెరిబెరి, వెదురు గీరుకున్న చోట మొదలై ఎముక దాకా తినేసే పుండ్లు వాళ్ళను చంపాయి. బెరిబెరి సంగతి మన ఇళ్ళల్లో తేలిగ్గా అర్థమవుతుంది. తవుడు పూర్తిగా తీసేసిన తెల్ల బియ్యం తప్ప మరొకటి తినని మనిషికి బి1 విటమిన్ అందదు. కాళ్ళు మొద్దుబారతాయి, ఒళ్ళు నీరు పడుతుంది, గుండె ఆగుతుంది. ఖైదీల వైద్యులు తవుడు ఎక్కడ దొరికినా తెచ్చి తినిపించారు. మన పల్లెల్లో పశువుల దాణాలో కలిపే తవుడే అక్కడ మనిషి ప్రాణానికి మందైంది.

ఆ వైద్యులు చేసిన పనిని కొంచెం దగ్గరగా చూడాలి, నా వాదన అంతా దాని మీదే నిలబడింది. కలరా వచ్చిన మనిషి కొన్ని గంటల్లో ఎండిపోయి చనిపోతాడు, ఒంట్లోకి ఉప్పునీరు ఎక్కిస్తే బతుకుతాడు. శిబిరంలో సెలైన్ లేదు. నీళ్ళను కాచి, ఆవిరిని పట్టి, చల్లార్చి, అందులో రాతి ఉప్పు కలిపారు. స్టెతస్కోపు రబ్బరు గొట్టమూ, సన్నగా చెక్కిన వెదురు ముక్కా కలిపి రక్తనాళంలోకి ఎక్కించారు. పుండ్లలో కుళ్ళిన మాంసాన్ని, అంచు పదును పెట్టిన చెంచాతో గీకి తీశారు. బర్మా వైపు 55వ కిలోమీటరు శిబిరంలో ఆల్బర్ట్ కోట్స్ అనే ఆస్ట్రేలియా సర్జన్ సుమారు 120 కాళ్ళు తీసేశాడు. థాయిలాండ్ వైపు ‘వియరీ’ డన్‌లప్ అనే మరో ఆస్ట్రేలియా సర్జన్ రోగుల్ని పనికి పంపనని కాపలావాళ్ళకు ఎదురు నిలిచి దెబ్బలు తిన్నాడు. అధికారులకు జపాన్ ఇచ్చే కొద్దిపాటి జీతంలో కొంత ఉమ్మడి నిధికి పోయేది, దానితో బాతు గుడ్లు కొని రోగులకు పెట్టేవారు. బూన్ పాంగ్ అనే థాయి వర్తకుడు ప్రాణానికి తెగించి మందులు చేరవేశాడు. మరుగుదొడ్లు ఫలానా చోటే తవ్వాలని, నీళ్ళు కాచకుండా ఎవరూ తాగకూడదని, భోజనానికి ముందు పళ్ళేలు మరిగే నీటిలో ముంచాలని హుకుం ఉండేది, దాన్ని అమలు చేసేవాళ్ళు ఉండేవారు. ఈ మనుషులు ఓడిపోయిన సైన్యమే, కానీ సైన్యంగా నిలిచి ఉన్నారు.

కూలీల దగ్గరికి వద్దాం. రబ్బరు తోటల కోసం, కొబ్బరి తోటల కోసం దక్షిణ భారతం నుంచి మలయాకు వెళ్ళినవారిలో తమిళులే అత్యధికులు. వారితోపాటు, తక్కువ సంఖ్యలో, తెలుగువాళ్ళూ మలయాళీలూ ఉన్నారు. పేరా రాష్ట్రంలోని బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలు తెలుగు కుటుంబాలకు ప్రధాన స్థావరం. యుద్ధంతో రబ్బరు ఎగుమతి ఆగింది, తోటల దొరలు పారిపోయారు లేదా నిర్బంధంలో పడ్డారు. కూలి పోయింది, బియ్యం కరువైంది. అలాంటి వేళ రోజుకు ఒక డాలరు కూలి, తిండి, మూడు నెలల ఒప్పందం అన్న ప్రకటనలు వచ్చాయి. మొదట కొందరు నమ్మి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోయేసరికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ తరువాత తోటకు ఇంతమంది అని లెక్క వేసి పట్టుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అక్కడి నుంచే రైలెక్కించారని బతికి వచ్చినవాళ్ళు చెప్పారు. కొందరు ఆడవాళ్ళతో, పిల్లలతో సహా వెళ్ళారు. సరుకు పెట్టెల్లో నాలుగైదు రోజులు ప్రయాణం, తరువాత అడవిలో నడక.

అక్కడ వాళ్ళకు వైద్యుడు లేడు, అధికారి లేడు, మరుగుదొడ్లు తవ్వమనేవాడు లేడు. వాగు నీళ్ళే తాగారు, ఆ వాగు ఒడ్డునే బయటికి కూర్చున్నారు. కలరా వచ్చిందంటే శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. పరిస్థితి అదుపు తప్పాక, 1943 మధ్యలో జపాన్‌వాళ్ళు సింగపూర్ ఖైదీల నుంచి వైద్యులనూ సహాయకులనూ 230 మందిని ‘కె ఫోర్స్’ పేరుతో, ఆ తరువాత మరో చిన్న జట్టును ‘ఎల్ ఫోర్స్’ పేరుతో కూలీల శిబిరాలకు పంపారు. ఇంత పెద్ద మార్గానికి అది ఏ మూలకూ చాలలేదు. కానీ కూలీల చావు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ వైద్యుల నివేదికల వల్లే తెలుస్తోంది. పనికి వెళ్ళలేని రోగికి తిండి తగ్గించడం, రోగుల్ని వేరే గుడిసెలో పడేసి వదిలేయడం, శవాల్ని కలిపి పూడ్చడం వాళ్ళు చూశారు.

జపాన్ సైన్యం క్రూరత్వమే అందరినీ చంపింది, ఇందులో తేడాలు వెతకడం ఎందుకని అడిగేవారున్నారు. ఆ క్రూరత్వాన్ని నేను ఒక్క వీసం కూడా తగ్గించి చెప్పడం లేదు. కానీ ఒకే యజమాని కింద, ఒకే పని చేస్తూ, ఒకే రోగాలకు గురైనవారిలో ఖైదీలు అయిదుగురిలో ఒకరు చనిపోతే, మలయా కూలీలు ఇద్దరిలో ఒకరికి మించి చనిపోయారు. ఉష్ణమండలపు రోగాలకు కొత్తవాళ్ళయిన తెల్ల ఖైదీల కంటే, ఆ వాతావరణంలోనే బతికిన కూలీలు ఎక్కువగా రాలిపోయారు. దీన్ని శరీరతత్త్వం వివరించదు. మధ్యలో నిలబడి కాపాడే ఏర్పాటు ఒకటి ఉందా లేదా అన్నదే వివరిస్తుంది. ఖైదీల లోపలే దీనికి ఒక ఆధారం ఉంది. 1943 ఏప్రిల్‌లో ‘ఎఫ్ ఫోర్స్’ పేరుతో సింగపూర్ నుంచి 7,000 మందిని, కొండ ప్రాంతం, మంచి తిండి అని నమ్మించి తీసుకెళ్ళారు. దిగాక సుమారు 300 కిలోమీటర్లు రాత్రివేళల్లో నడిపించారు. ఆ దండులో 3,600 మందికి పైగా ఉన్న ఆస్ట్రేలియన్లలో చనిపోయినవారు పదిమందిలో ముగ్గురు. 3,300 పైచిలుకు ఉన్న బ్రిటిష్‌వాళ్ళలో పదిమందిలో ఆరుగురు. బ్రిటిష్ దండులో బయలుదేరేటప్పటికే జబ్బుగా ఉన్నవారు ఎక్కువ, కాబట్టి మొత్తం తేడాను క్రమశిక్షణ ఖాతాలో వేయడం సరికాదు. అయినా ఒకే యూనిట్‌గా కలిసి ఉన్నవాళ్ళు, పరిశుభ్రతను పట్టుదలతో అమలు చేసినవాళ్ళు ఎక్కువగా బతికారని అప్పటి వైద్యులే గమనించారు. ఒక సైన్యంలోని రెండు భాగాల మధ్యే ఇంత తేడా వస్తే, ఏ ఏర్పాటూ లేని కూలీ గుంపుల గతి ఏమై ఉంటుందో వేరే చెప్పాలా?

అంకెల మీద అనుమానం న్యాయమైనదే. మలయా నుంచి 75,000 మంది వెళ్ళారనీ 42,000 మంది చనిపోయారనీ యుద్ధం తరువాత మిత్రరాజ్యాలు వేసిన అంచనా. అందులో పారిపోయినవాళ్ళూ, థాయి పల్లెల్లో కలిసిపోయినవాళ్ళూ చనిపోయినవారి లెక్కలో చేరి ఉండవచ్చు. జపాన్ చెప్పిన అంకెలు దీనికంటే బాగా తక్కువ. సరే, ఆ 42,000లో సగాన్ని కొట్టేద్దాం. మిగిలిన 21,000 కూడా అన్ని దేశాల ఖైదీల చావులను కలిపినదాని కంటే ఎక్కువే. బర్మా నుంచి పట్టుకొచ్చిన దాదాపు 90,000 మందిని, జావా వాళ్ళను ఇంకా కలపనేలేదు. అంకె ఎంత అన్న దాని మీద పేచీ పెట్టుకోవచ్చు. కానీ ఖైదీల విషయంలో 52 సమాధులు దొరకలేదని ఒకటితో సహా చెప్పగలిగిన చోట, కూలీల విషయంలో వేలల్లో అటూ ఇటూ ఊగుతున్నామంటే, అది లెక్క పెట్టడం సాధ్యంకాకపోవడం వల్ల జరిగింది కాదు. ఎవరూ పూనుకోకపోవడం వల్ల జరిగింది.

ఈ తేడా 1945తో ఆగలేదు. ఇంటికి చేరిన బ్రిటిష్ ఖైదీలను లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య సంస్థ దశాబ్దాల పాటు పరీక్షిస్తూ వచ్చింది. రెండు వేల మందికి పైగా అక్కడికి వెళ్ళారు. యుద్ధం ముగిసిన ముప్ఫై ఏళ్ళ తరువాత, ఆరోగ్యంగా కనబడే ఆ వృద్ధుల్లో నడుము చుట్టూ, పిరుదుల మీద ఉన్నట్టుండి దురద గీతలు లేచి గంటల్లో మాయమయ్యేవి. అది స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్నని పురుగు పని. కాలి చర్మం గుండా ఒంట్లోకి దూరి, పేగుల్లో కాపురం పెట్టి, బయటికి పోకుండా అక్కడికక్కడే తన సంతతిని పెంచుకుంటుంది. అందుకే మనిషి బతికి ఉన్నంతకాలం అదీ ఉంటుంది. రైలు కట్టపై బురదలో వట్టి కాళ్ళతో మట్టి మోసినప్పుడు 1943లో ఒంట్లో దూరిన పురుగు సంతతి 1970లలో ఇంగ్లండులో ఒక తాత ఒంట్లో తిరుగుతూనే ఉంది. పరీక్షించినవారిలో పదిమందికి ఒకరి కంటే ఎక్కువమందిలో అది దొరికింది. ఆ సంగతి తెలియక ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్లు ఇస్తే పురుగు ఒళ్ళంతా పాకి ప్రాణం తీస్తుంది. విటమిన్ల లోపం వల్ల చూపు మందగించినవాళ్ళు, కాళ్ళ తిమ్మిర్లు జీవితాంతం వదలనివాళ్ళు, రాత్రి కేకలు పెట్టి లేచేవాళ్ళు పెన్షను కోసం దరఖాస్తు చేస్తే, అడవిలో వైద్యుడు రాసి దాచిన చీటీ సాక్ష్యంగా నిలిచింది.

పరిహారం వాళ్ళకూ తేలిగ్గా రాలేదు. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం తరువాత ఒక్కో బ్రిటిష్ ఖైదీకి దక్కింది 76 పౌండ్లు. 2000 సంవత్సరంలో, అప్పటికి బతికి ఉన్నవాళ్ళకు, చనిపోయినవారి భార్యలకు బ్రిటిష్ ప్రభుత్వం తన ఖజానా నుంచి తలా 10,000 పౌండ్లు ఇస్తానంది. గూర్ఖా మాజీ ఖైదీలను అందులోంచి తప్పించింది. వాళ్ళు కోర్టుకెక్కి 2002లో గెలిచారు. గెలవగలిగారంటే, తాము ఫలానా దళంలో ఫలానా చోట ఖైదీలమని చూపించే రికార్డు వాళ్ళకు ఉండబట్టే.

కూలీలకు ఆ రికార్డు లేదు. యుద్ధం తరువాత థాయిలాండ్ భూభాగంలోని రైలుమార్గాన్ని 12,50,000 పౌండ్లకు ఆ దేశానికి అమ్మారు. ఆ సొమ్ము, పట్టాలూ వ్యాగన్లూ పోగొట్టుకున్న పొరుగు దేశాల నష్టానికి పరిహారంగా పోయింది. ఏ తోట నుంచి ఎందరు పోయారో అడగని ప్రభుత్వాలు ఏ రైల్వే నుంచి ఎన్ని పట్టాలు పోయాయో లెక్కగట్టాయి. 1952లో స్వతంత్ర భారతదేశం జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని నష్టపరిహారపు హక్కులన్నీ వదులుకుంది. ఓడిన ఆసియా దేశం మీద మనం చూపిన పెద్దమనసుగా దాన్ని గుర్తు చేసుకుంటాం. అది నిజమే కావచ్చు, కానీ తోటల్లో మగదిక్కు లేకుండా మిగిలిన ఆడవాళ్ళను అడిగి వదులుకున్న హక్కు మాత్రం కాదది. 1967లో మలేసియాకు జపాన్ ఇచ్చింది రెండు సరుకు ఓడలు. తిరిగి తోటలకు చేరిన కూలీల ఒంట్లోనూ అదే పురుగు ఉండి ఉండాలి, అవే తిమ్మిర్లు, అవే పీడకలలు. వాళ్ళను ముప్ఫై ఏళ్ళ పాటు పిలిచి పరీక్షించిన ఆసుపత్రి ఏదీ లేదు.

సైనికుడికి ప్రభుత్వం బాధ్యత పడుతుంది, కూలి కోసం వెళ్ళినవాడికి ఎవరు బాధ్యులన్న ప్రశ్న కూడా ఉంది. ఈ ప్రశ్న వెనుక ఒక పొరపాటు ఉంది. ఈ కూలీలు తమంత తాము వలస వెళ్ళినవారు కారు. బ్రిటిష్ పాలకులు చట్టం చేసి, నిధి పెట్టి, కూలీలను కూడగట్టే కంగాణీలను పంపి, ఓడ చార్జీలు కట్టి తీసుకెళ్ళిన మనుషులు. వాళ్ళ బాగోగులు చూడటానికి మలయాలో భారత ప్రభుత్వ ఏజెంటు కూడా ఉండేవాడు. రబ్బరు పాలు కారుతున్నంత కాలం వాళ్ళు ప్రభుత్వం లెక్కలో ఉన్న మనుషులే.

మన వైపు మౌనానికి మరో కారణం ఉంది, అది చెప్పడానికి మనసు కష్టపడుతుంది. పట్టాలు కలిసింది 1943 అక్టోబరు 17. సింగపూర్‌లో నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించింది అక్టోబరు 21. రైలుమార్గం ప్రారంభోత్సవం అక్టోబరు 25. తోటల నుంచి వేలాది తమిళ, తెలుగు యువకులు ఆయన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. దేశభక్తితో చేరినవారున్నారు, రైలు పనికి పోకుండా బతకడానికి చేరినవారూ ఉన్నారు. ఆ ఫౌజు దళాలు ఇదే రైలు మీద బర్మాకు వెళ్ళాయి. ఇది నేతాజీని తక్కువ చేయడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతిలో ఏమీ లేని నాయకుడు దొరికిన మిత్రుడితో నడిచాడు, ఆ మిత్రుడి రైలు కట్ట కింద మనవాళ్ళ ఎముకలున్నాయి. ఈ రెండూ జరిగాయి. రెండో మాట మన జాతీయ కథలో ఇమడలేదు, బ్రిటిష్‌వాళ్ళ కథలోనూ ఇమడలేదు. 1957లో ‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ ప్రపంచమంతా ఆడింది. ఖైదీల కథగానే ఆడింది, కూలీల కథ అందులో లేదు. ఆ సినిమా చూసి వచ్చే యాత్రికుల కోసం నది పేరే మార్చారు. మే క్లాంగ్ నది ఆ భాగంలో 1960 నుంచి క్వాయ్ యాయ్ అయింది.

ఖైదీల డైరీల్లో ఈ కూలీలందరూ ‘తమిళులు’ అనే ఒకే మాట కింద కనిపిస్తారు. తెలుగువాళ్ళు చనిపోవడంలోనూ విడిగా లెక్కకు రాలేదు. 1990లో థాయిలాండ్‌లో ఈ రైలుమార్గం మీది కాంచనబురి ఊళ్ళో ఒక చోట తవ్వితే వందల అస్థిపంజరాలు కుప్పగా బయటపడ్డాయి. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు. అదే ఊళ్ళో ఖైదీల శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులు వరుసల్లో, పేరు, వయసు, దళం చెక్కిన పలకలతో ఉన్నాయి.

సింగపూర్‌లో పట్టుబడి న్యూగినీ దీవులకు తరలిన భారతీయ సైనికుల కథ వచ్చే భాగంలో. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. ఉత్తరాంధ్రలోనో, గోదావరి జిల్లాల్లోనో, మలేసియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనో ‘మలయా పోయాడు, సయాం రైలు పనికి పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు’ అని మీ ఇంట్లో ఎవరి గురించైనా చెప్పుకుంటూ ఉంటే, ఆ పేరు, ఊరు, ఓడ ఎక్కిన ఏడాది, పనిచేసిన తోట పేరు పెద్దవాళ్ళు ఉండగానే అడిగి కాగితం మీద రాసి పెట్టండి.